రేవులో ఆగిన సామాను బండి

అనగా అనగా ఏటికి ఇవతల ఒక ఊరు, ఆ ఊళ్ళో మగ్గం నేసుకునే వాళ్ళ ఇల్లు ఒకటి. ఊ కొట్టండి మరి. ఊ కొట్టని వాళ్ళకి నేను చెప్పను, నాకేం నోరు ఊరికే రాలేదు.

ఆ ఇంట్లో మామగారు తాతబ్బాయి, అత్తగారు బంగారమ్మ, కోడలు మాణిక్యం. కొడుక్కి ఏటి అవతల రాజుగారి కోటలో నేతపని దొరికింది. ముందే వెళ్ళి కోట పక్క వీధిలో ఇల్లు చూసి, సామానంతా తీసుకుని వచ్చెయ్యండని కబురంపాడు. పంతులుగారేమో బుధవారం పొద్దు నడినెత్తికి రాకముందే ఇంటి ఆడవాళ్ళ చేత్తో పాలు పొంగాలన్నారు. అది దాటితే మూఢం. రెండు నెలలు కొత్తింట్లో కాలు పెట్టకూడదు. పాత ఇల్లు చూస్తే అమ్మేశారు, కొన్నవాళ్ళు ఆ బుధవారమే దిగుతున్నారు. అంటే పాలు పొంగకపోతే అటూ ఇల్లు లేదు, ఇటూ ఇల్లు లేదు. మాణిక్యానికి ఆ మాట విన్నప్పట్నుంచీ అన్నం దిగలేదు.

బండి కావాలి కదా. ముందు ఎర్రన్న అనేవాడు వచ్చాడు. ఊరికే బేరం ఆడలేదు వాడు. మగ్గం కొయ్యలు ఎత్తి చూశాడు, ఏట్లో నీళ్ళు ఎంతవరకు వస్తున్నాయో అడిగాడు, తన ఎద్దుల మెడలు చూసుకోండని చూపించాడు. ఒక్క పుండు లేదు. ఇన్ని తీసుకెళ్తే రెండు బండ్లవుతాయి, కూలి రెండింతలవుతుంది, ఈ పగిలిన గోలెం, ఈ విరిగిన మంచం కోళ్ళు, ఈ ఎలుకలు కొట్టిన పరుపు వదిలేస్తే ఒక్క బండిలో సరిపోతుంది, మీకే కలిసొస్తుందన్నాడు. తాతబ్బాయికి కోపం వచ్చేసింది. అది మా తాత నీళ్ళు తోడుకున్న గోలెం, నువ్వెవడివిరా వదిలెయ్యమనడానికి అని పంపించేశాడు.

తరవాత సోములు వచ్చాడు. సామాను వంక చూడనే లేదు. "దాందేముంది బాబుగారూ, అన్నీ ఎక్కించెయ్యండి, వాడు చెప్పినదాంట్లో సగం ఇవ్వండి చాలు" అన్నాడు.

కోడళ్ళు మామగారితో నేరుగా మాట్లాడని రోజులవి. మాణిక్యం అత్తగారి చెవిలో వేసింది. అత్తా, ఇతను ఇదివరకు ఎవరి సామాను మోశాడో, ఒక్క ఇంటి పేరు చెప్పమను, వెళ్ళి అడిగొద్దాం అని. బంగారమ్మ అడిగింది. సోములు అందరివీ మోశానన్నాడు.

"అందరివీ అంటే ఎవరివీ కాదు" అని కోడలు గొణిగింది. ఎవరు విన్నారు? పైగా తాతబ్బాయి, ముహూర్తం తెలిస్తే జాగ్రత్తగా తోలతాడని, పాలెప్పుడు పొంగాలో, దాటితే ఏమవుతుందో అంతా పూసగుచ్చినట్టు ఆ బండివాడికే చెప్పాడు.

నవ్వకండి. మేం ఈ ఇంటికి వచ్చినప్పుడు మీ తాతయ్య కూడా చవగ్గా వస్తాడని ఆ వీరాసామిని పిలిచారు. నా సన్నికల్లు రెండు ముక్కలు చేశాడు. ఇప్పటికీ వాళ్ళింట్లో పేరంటానికి నేను వెళ్ళను. వాళ్ళ కోడలు పిలిచినా వెళ్ళను. సరే, ఊ కొడుతున్నారా?

ఇంక బంగారమ్మ ఏం చేసిందంటే, పాలగిన్నే పొయ్యిరాళ్ళూ పదిలంగా ఉండాలని అన్నిటికంటే ముందు వాటినే బండిలో పెట్టింది. వాటిమీద మగ్గం, మగ్గం మీద గోలెం, గోలెం మీద పరుపు. తెల్లారగానే బయల్దేరారు. మాణిక్యం వెనకాల నడుస్తూ బండి నీడ చూసుకుంటోంది. నీడ పొడుగ్గా ఉంది, పరవాలేదు. నీడ పొట్టిదైంది, పరవాలేదు. ఇంకా పొట్టిదైంది. అప్పటికి ఏటి రేవుకి చేరారు. సోములు ఎద్దుల్ని విప్పేసి చుట్ట వెలిగించాడు.

ఎందుకు విప్పావంటే, ఎద్దు ఏట్లో దిగదట. ఎద్దెందుకు దిగదంటే, బరువు ఎక్కువట. బరువెందుకు ఎక్కువంటే, మగ్గం ఉందట. మగ్గముంటే ఎలా దిగుతుందంటే, ఇంకో కూలి ఇస్తే దిగుతుందట.

తాతబ్బాయి అరిచాడు, తిట్టాడు, ఆఖరికి బతిమాలాడు. సోములు పొద్దు వంక చూసి, నాకేం తొందర లేదు బాబుగారూ అన్నాడు. బంగారమ్మ ఇసకలో కూలబడి, పాలగిన్నె అడుగున పడిపోయింది, పొయ్యిరాళ్ళు అడుగున పడిపోయాయి, ఇంక ఇల్లెక్కడిది అని ఏడుపు.

మాణిక్యం కుచ్చిళ్ళు ఎగదోపింది. గబగబా ఏట్లో దిగింది. మూడు రాళ్ళు ఏరింది, సమంగా ఉన్నవి, కడిగి మామగారి కండువాలో మూటగట్టింది. దారిలో నీళ్ళు తాగడానికి తెచ్చుకున్న ఇత్తడి చెంబు తోమింది. రేవులో గేదెల్ని కడుగుతున్న ఆవిణ్ణి అడిగి చెంబులో సగం పాలు పోయించుకుంది. చెంబు అత్తగారి చేతిలో పెట్టింది.

"అత్తా, లే. నీళ్ళు మోకాలి లోతే. మామగారు చెయ్యి పట్టుకుంటారు. నిప్పు పక్కింటి వాళ్ళనడుగు. నీ చేత్తో పొంగించు."

"మన పొయ్యిరాళ్ళు కావే అవి."

"నువ్వు పొయ్యి పెడితే మనవే అవుతాయి. మాట్లాడుతూ ఉంటే నీడ అయిపోతోంది, లే."

"మరి నువ్వో?"

"సామానుతో ఉంటాను."

వాళ్ళు ఏరు దాటారు. మాణిక్యం బండెక్కి పరుపు మీద కూర్చుంది. సోములు చుట్ట నోట్లోంచి తీశాడు. ఇదేంటమ్మా అన్నాడు. ఇప్పుడు మాకూ తొందర లేదు అంది. పైకి అంది గానీ మనసంతా అవతలి ఒడ్డునే ఉంది. నీళ్ళలో అత్త జారిందేమో, పక్కింటి వాళ్ళు నిప్పిచ్చారో లేదో.

అది అందరూ దాటే రేవు కదా. నూనె అమ్మేవాడు వచ్చాడు. ఎవరి బండమ్మా? సోములుది. ఎందుకాగింది? ఇంకో కూలి ఇస్తే కదులుతుందట. కుండల వాళ్ళు వచ్చారు. ఎవరి బండమ్మా? సోములుది. ఎందుకాగింది? ఇంకో కూలి ఇస్తే కదులుతుందట. ఒక్క తిట్టు లేదు, ఒక్క శాపం లేదు. అడిగినవాళ్ళకి అడిగినంత. సోములు, ఎందుకమ్మా ఊరందరికీ చెప్తావు అని గింజుకున్నాడు. అడిగారు, చెప్పాను అంది.

వాళ్ళ తరవాత ఒక పెద్దాయన వచ్చాడు. అదంతా విని, సోములు వైపు తిరిగి, "ఎల్లుండి మా అమ్మాయి సారె మోస్తానన్నది నువ్వే కదూ. రావద్దులే" అని నీళ్ళలో దిగి వెళ్ళిపోయాడు.

సోములు చుట్ట పారేశాడు. ఎద్దుల్ని కట్టాడు. దిగవన్న ఎద్దులు నీళ్ళలో దిగాయి, ఏరు దాటాయి, కోట పక్క వీధిలో ఆగాయి. తాతబ్బాయి మొదట అనుకున్న కూలే ఇచ్చాడు, ఒక్క కాసు ఎక్కువ ఇవ్వలేదు. మాణిక్యం అదేమీ చూడలేదు. దిగీ దిగకముందే గడప వంక చూసింది. గడప లోపల మూడు రాళ్ళు, వాటి కింద బూడిద, రాళ్ళ మీదికి పాలు కారి ఎండిన చారలు. పొద్దు నడినెత్తికి రాకముందే పొంగాయన్నమాట.

బంగారమ్మ చెంబు పట్టుకుని బయటికొచ్చింది. "నీకని ఇంత ఉంచాను. చల్లారిపోయాయి, అయినా తాగు" అంది. పొద్దుటి నుంచి ఏమీ దిగని గొంతులోకి ఆ పాలు దిగాయి.

అందుకని చెప్తున్నాను, వినండి. బండివాడు ఎవరింటి సామాను మోశాడో ఆ ఇంటికి వెళ్ళి అడగండి. అక్కర్లేనివి ముందే వదిలించుకోండి. మీ తొందర వాడికి చెప్పకండి. పాలగిన్నె మాత్రం ఒళ్ళో పెట్టుకోండి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. కాళ్ళు కడుక్కోని వాడెవడో నాకు తెలుసు, లేచి కడుక్కుని రా.