రాజుగారి దిండు గలీబు

ఏ దేశమో అడక్కండి గానీ, ఒక రాజుగారికి మగతనం సన్నగిల్లింది. మీసం వాలిపోయింది, కత్తి బరువైంది, రాణిగారి గడప తొక్కి ఆర్నెల్లయింది. ఆస్థాన వైద్యుడు అవధానిగారు ఎన్ని లేహ్యాలు మింగించినా లాభం లేకపోయింది. ఇక తన పరువు కాపాడుకోవాలి కాబట్టి ఆ వైద్యుడు నిండు సభలో, "చాకలి పోలయ్య చవుడు మట్టి పెట్టి ఉతికిన పక్కబట్టలే ప్రభువుల సత్తువ పీల్చేశాయి. వాడి చేతులు నరికించండి" అన్నాడు.

భటులు పట్టుకొచ్చిన పోలయ్య చేతులు జోడించాడు. "ఆ పక్కబట్టల్నే సాక్ష్యం అడగండి దొరా. ఆర్నెల్లుగా దుప్పటి మీద ముడత లేదు. మనిషి పడుకుంటే కదా నలిగేది! దిండు గలీబు మాత్రం, ఒళ్లో పెట్టుకుని ఏడ్చినట్టు, రోజూ ఉప్పుచారలతో వస్తోంది. యువరాజావారు యుద్ధంలో పోయిన మర్నాటి నుంచీ ఇంతే. నిద్రా తిండీ లేని ఒంటికి లేహ్యం ఏం చేస్తుంది?"

అవధానిగారు తల దించుకున్నారు. రాజుగారు పోలయ్య వైపు తిరిగారు. "నీ కొడుకూ ఆ యుద్ధంలోనే పోయాడు కదరా. నీకు నిద్రెలా పడుతోంది?"

"మాకు దిండ్లు లేవు ప్రభూ. నేనూ నా ఇంటిదీ ఒకరి భుజం మీద ఒకరం ఏడుస్తాం."

రాజుగారు లేచి, రాణిగారి మందిరం వైపు నడిచారు.