విప్పిన ముడి

తన గురువుకు గుండె లేదని కోదండానికి గట్టి నమ్మకం.

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే వేలాయుధం గారి షెడ్డులో ఒక పద్ధతి ఉంది. శిష్యుడు ముందు గుడ్డ మీద చింతబొగ్గుతో బొమ్మ గీసి ఆయనకు చూపించాలి. బొగ్గు గీత దులిపితే పోతుంది. దాని మీద కలంతో నల్లరంగు పడిందంటే ఇక బ్రహ్మదేవుడు కూడా చెరపలేడు. అందుకని ఆయన బొగ్గుబొమ్మను తీరిగ్గా చూస్తాడు. తప్పు కనిపిస్తే తిట్టడు, చెప్పడు. తప్పున్న వైపు గుడ్డ అంచుకు చిన్న ముడి వేసి తిరిగి ఇచ్చేస్తాడు. అదేమిటో వెతుక్కోవడం శిష్యుడి ఖర్మ. దిద్దుకున్నాకే ముడి విప్పాలి.

ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నిట్లో పడిన ముళ్ల కంటే కోదండం గుడ్డలకు పడినవే ఎక్కువని తోటివాళ్లు నవ్వేవారు. ముడి పడిన రోజు అతనికి అన్నం సహించేది కాదు.

బయటివాళ్ల దగ్గర మాత్రం ఆయన వెన్నపూస. ఎవరో ఆఫీసరు గారి భార్య సరదాకు వేసిన నెమలిని తెచ్చి చూపిస్తే, చాలా బాగుందమ్మా అని మెచ్చుకుని, కాఫీ ఇప్పించి పంపాడు. ఆ నెమలి అచ్చం బాతులా ఉంది. మాకు ముళ్లూ, ఆవిడకు కాఫీనా అని కోదండం లోపల కుతకుతలాడిపోయాడు.

ఒకనాడు ఏటి అవతలి పల్లె నుంచి మునెమ్మ అనే ఆమె ఒక గుడ్డ చుట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. కూతురు చెంచులక్ష్మి వేసిందట. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఆ పిల్లకు రెండు చేతులూ చచ్చుబడిపోయాయి. కుడికాలి వేళ్లతో గీస్తుంది. అయ్యగారు ఒక్కసారి చూస్తే చాలని చెప్పి పంపిందంది.

గుడ్డ పరిచారు. యశోద చల్ల చిలుకుతోంది. కృష్ణుడు వెనక నుంచి ఆమె కొంగు పట్టి లాగుతున్నాడు. వాడి బుగ్గల్లో వెన్న ఉందని రంగు వెయ్యకముందే తెలిసిపోతోంది. పనివాళ్లంతా చుట్టూ చేరి నోళ్లు వెళ్లబెట్టారు. కాలితో గీసిన గీత అని తలుచుకుంటే కోదండం కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేలాయుధం గారు మాత్రం రేపు పంపిస్తానని మునెమ్మను సాగనంపి, గుడ్డ ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత కుడివైపు అంచును తీసుకుని ముడి వేశాడు. మర్నాడు పొద్దున దాన్ని ఇచ్చి రమ్మని కోదండాన్ని పంపాడు.

ఏటి ఇసుకలో నడుస్తుంటే కోదండానికి కాలు సాగలేదు. ఒక చెట్టు నీడన కూర్చుని గుడ్డ విప్పి చూశాడు. ముడి సరిగ్గా యశోద చేతులకు ఎదురుగా ఉంది. తప్పు అతనికీ కనిపించింది. ఆమె వేళ్లు కవ్వం తాడును పూలదండను పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఆ పట్టుకు చల్ల కదలదు.

కదలకపోతే పోయె. పుట్టి బుద్ధెరిగాక ఒక తాడు పట్టి లాగని మనిషికి పట్టు ఎలా తెలుస్తుంది? వెతికి వెతికి అక్కడే ముడి వెయ్యాలా? కోదండానికి గురువు మీద ఒళ్లు మండింది. ముడి విప్పేశాడు. ముడత కనబడకుండా అంచును మోకాలి మీద పెట్టి రుద్దాడు. ఒక మంచి పని చేశాననుకున్నాడు. అక్కడి నుంచి అడుగులు తేలిగ్గా పడ్డాయి.

చెంచులక్ష్మి వసారాలో చాప మీద కూర్చుని ఎదురుచూస్తోంది. అతనికంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. వెనక గోడ నిండా ఆమెకు ఎవరెవరో శాలువాలు కప్పుతున్న ఫొటోలు. గుడ్డ తన ముందు పరవమని, బొటనవేలితో అంచు వెంబడి నిమురుతూ పోయింది. నాలుగు పక్కలా చూసింది. మళ్లీ మొదటి నుంచీ చూసింది.

"ఏమన్నాడు?"

"శానా బాగుందన్నాడక్కా."

ఆమె కాలు ఆగిపోయింది. గోడ వైపు తల ఊపింది.

"శాలువాలు కప్పినోళ్లు గూడా అదే అన్నారు. ఆయన తనోళ్లకు మాత్రమే ముడి వేస్తాడంట గదప్పా. ముడి పడితే, వచ్చి నన్ను గూడా చేర్చుకోమని అడగాలనుకుంటి."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే కోదండం ఏదో ఓదార్పు మాట చెప్పి బయటపడేవాడు. ఆమె నల్లరంగు గిన్నెను కాలితోనే దగ్గరికి లాక్కుంది. కలాన్ని వేళ్ల మధ్య ఇరికించుకుని ముంచింది. బాగుందన్నాడు కాబట్టి ముగించేస్తానంది. ఇంకో బొమ్మ వేస్తానని మాత్రం అనలేదు.

కలం కవ్వం తాడు మీదికి వంగింది.

"ఆగక్కా," అన్నాడు కోదండం.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది అతని పని. గురువు ముడి వేసిందీ, తాను విప్పిందీ చెప్పేశాడు. ఎందుకు విప్పాడో మాత్రం నోటికి రాలేదు. ఆమె అడగనూ లేదు.

"ఏ పక్క వేసినాడు?"

చూపించాడు.

"కట్టు."

కట్టాడు. ఆమె ముడి మీద బొటనవేలు ఆనించి నొక్కి చూసుకుంది. అప్పుడు వెలిగిన ఆ మొహాన్ని చూడలేక కోదండం తల దించుకున్నాడు. అంత సిగ్గు అతనికి ఏ తప్పుకూ కలగలేదు.

తప్పేమిటో చెప్పబోతే ఆమె వద్దంది. గడ్డాన్ని మోకాలి మీద ఆనించుకుని బొమ్మలోకి చూస్తూ ఉండిపోయింది. లోపల మునెమ్మ ఎసట్లో బియ్యం పోసి, అన్నం వార్చి, ఇవతలికి వచ్చినా ఆమె కదల్లేదు. ఉన్నట్టుండి నవ్వింది.

"ఈమె గుంజడంలేదు గదా!"

అని, పెరట్లో గేదె ఉంది, పోయి దాని పలుపు పట్టుకొమ్మని కోదండాన్ని పురమాయించింది. తానూ పెరటి గడప మీదికి వచ్చి కూర్చుంది. మునెమ్మ గేదెను అటు అదిలించింది. కోదండం ఇటు బిగబట్టాడు. గేదె సామాన్యమైంది కాదు. ఒక విసురు విసిరితే అతను పేడలో మోకాళ్ల మీద పడ్డాడు. తాడు మాత్రం వదల్లేదు.

"అట్లే ఉండు. మణికట్టు తిప్పొద్దు." ఆమె అతని మొహం వైపు చూడనే లేదు. "మా అమ్మ రోజూ గుంజుతుంటే ఎనుమును చూసినానే గానీ, చేతిని ఎప్పుడూ చూళ్లేదప్పా."

కోదండం కూడా తన చేతిని చూసుకున్నాడు. బొటనవేలు చూపుడువేలి మీదికి ఎక్కి ఉంది. మణికట్టు దగ్గర నరం ఉబికి ఉంది. ఇన్నేళ్లుగా చేతులు గీస్తున్నాడు, అతనికీ అది కొత్తగానే ఉంది.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. పేడ అంటిన పంచెతోనే గురువు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఆయన తిట్టలేదు. ఆ పిల్ల ఎప్పుడు వస్తానందని అడిగాడు. సోమవారం వస్తుందన్నాడు కోదండం. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది, అక్కడున్న నీ చాప తీసేసి ఆమెకు చోటివ్వమన్నాడు.

కోదండం చాప తీశాడు గానీ అక్కడి నుంచి కదల్లేదు.

"అయ్యా, ఆ ముడి వేసేటప్పుడు మీకు ఆమె చేతులు గుర్తుకు రాలేదా?"

వేలాయుధం గారు కలం కిందపెట్టి తలెత్తాడు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు ఆలోచించాడు.

"లేదురా. నేను యశోద చేతులు చూస్తా ఉంటి."