తొమ్మిది పూల సంచి

వాగు మలుపు తిరిగే చోట నీళ్ళ మీదికి ఒంగిన ఒక తుమ్మచెట్టు ఉంది. ఆ చెట్టు మీదే నర్సింలు అనే గిజిగాడి అల్లికల దుకాణం. దుకాణమన్నాను కదా అని తలుపులూ తాళాలూ ఊహించుకోకండి. ఒక కొమ్మకు గొర్రెలిచ్చిన నల్ల ఊలు, ఒక కొమ్మకు తెల్ల నూలు, ఇంకో కొమ్మకు గోగునార, చిటారు కొమ్మన కాస్త దసలి పట్టు, అంతే. పనిముట్టు కూడా ఒక్కటే. కొస కొక్కెంలా వంగిన రేగు ముల్లు. దాన్ని ముక్కున కరిచి, దారంలో దూర్చి లాగాడంటే ముడి మీద ముడి పడి అల్లిక జరజరా దిగేది.

ముక్కున ముల్లు ఉంటే మాట రాదు కాబట్టి నర్సింలు అడగవలసినవన్నీ ముందే అడిగేసేవాడు. ఎవరికి? ఏం పనికి? తడుస్తదా? ఈ మూడింటికీ జవాబు రాందే ముల్లు ఎత్తడు. ఎత్తాక మాత్రం కొండ విరిగి పక్కన పడ్డా పలకడు.

ఆ రోజు మొదటి బేరం కొమురన్నది. కొమురన్న అంటే ఎర్రెద్దు, నిదానస్తుడు.

"నర్సింలూ, నా మెడ మీదికి ఒక మెత్త కావాలె. పట్టుతోని అల్లు. సన్న దారం పెట్టు. మెరవాలె," అన్నాడు.

"ఏం పనికి?"

"కాడి కింద పెట్టుకుంట."

"పెండ్లికి పోతున్నవా కొమురన్నా, దున్నటానికి పోతున్నవా?"

"దున్నటానికే."

"మరి పట్టెందుకు? సన్న దారం కాడి కింద రెండు చాళ్ళు తిరిగేసరికి నలిగి నీ మెడనే కోస్తది. లావు ఊలు పెడ్త. నొక్కితే అణుగుతది, వదిలితే మళ్ళ లేస్తది. చెమట పట్టినా మెత్తగనే ఉంటది."

"మెరవదా?"

"మెరవదు."

కొమురన్న నెమరేస్తూ ఆలోచించాడు. ఎద్దు ఆలోచన ఎంతసేపు సాగుతుందో మీకు తెలియనిదేం కాదు. చెట్టు నీడ ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగాక, "సరే తియ్యి," అన్నాడు.

అంతలో పోశవ్వ అనే బాతు వచ్చింది. వెనకాల తొమ్మిది పిల్లలు. ఎనిమిది వరుసగా నడుస్తున్నాయి. తొమ్మిదోది, అన్నిటికన్నా చిన్నది, తన కాళ్ళను తానే తొక్కుకొని పడుతూ లేస్తూ వస్తోంది.

"అన్నా, వీళ్ళు ఈత కొట్టి వచ్చి తడి ఒంటితోని మట్టిల బొర్లుతున్నరు. కింద పరిచేటందుకు ఒక బొంత అల్లియ్యవా? తడుస్తదా అని అడగకు, తడిసేటందుకే అడుగుతున్న."

"అయితే నూలు పెడ్త చెల్లె. నూలుకు దాహం ఎక్కువ. ఒంటి మీది తడంత తాగుతది. ఒక్క మాట మాత్రం యాదికుంచుకో. తడిసిన నూలు బరువైతది, సాగుతది. ఎక్కడా వేలాడదీయకు. మంచిగ పిండి గడ్డి మీద పరుచు."

"నాకంత తీరిక ఎక్కడిదన్నా? పొద్దు పొడవంగనే వీళ్ళను ఈతకు దింపి, గట్టు మీదికి ఎక్కించి, నత్తల కోసం పై మడుగుకు పోత. నేనొచ్చేదాక వీళ్ళు ఒక్కరే ఉంటరు."

ఈ మాటలన్నీ రేగు పొద వెనక నిలబడి బక్కయ్య విన్నాడు. బక్కయ్య గుంటనక్క. పొద్దు పొడవగానే, గట్టు మీద, ఒక్కరే. ఈ మూడు ముక్కలూ ఏరి మనసులో భద్రంగా పెట్టుకున్నాడు. నూలు గురించి చెప్పింది మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. వీడి తెలివి ఎప్పుడూ ఇంతే, సగానికి సరిగ్గా పనిచేస్తుంది.

బాతు అటు వెళ్ళిందో లేదో వీడు ఇటు చెట్టు కిందికొచ్చాడు.

"నర్సింలన్నా, నీ చేతి... అదే, నీ ముక్కు పనితనం గురించి గుట్ట అవతల గూడ చెప్పుకుంటున్నరు. నాకొక సంచి కావాలె."

"ఎవరికి?"

"మా మేనత్తకు. ముసలిది పాపం."

"ఏం పనికి?"

బక్కయ్య ఇంతవరకు ఆలోచించుకొని రాలేదు. అటూ ఇటూ చూశాడు. గట్టు నిండా తంగేడు పూసి పచ్చగా కనబడింది.

"పూలకు! బతుకమ్మ వస్తున్నది గద, అత్త పూలు తెంపుకుంటది." ఆ మాట అంటూ పెదాలు నాకాడు. పూల పేరు చెబితే నోరూరేవాణ్ణి నర్సింలు అదే మొదటిసారి చూడటం.

"తడుస్తదా?"

"పూలేం తడుస్తయన్నా? పొద్దెక్కినాక పొడి పూలే తెంపుతది."

"చూడు బక్కయ్యా, మళ్ళ అడుగుతున్న. ఇంకేమన్న బరువు మోసేదుంటే ఇప్పుడే చెప్పు. గోగునార తీసి, లావుగ పేని, బిగించి అల్లుత. రాళ్ళు పోసినా చెక్కు చెదరదు."

బక్కయ్య లోపల లెక్క వేసుకున్నాడు. బరువు ఉన్నమాట నిజమే. కానీ గోగునార గరుకు, బాతుపిల్లల లేత ఒంటికి గీరుకుంటే అన్నీ కలిసి కీచుమని అరుస్తాయి. మెత్తటి నూలైతే హాయిగా ఉంటాయి. పైగా పూలన్న నోటితో ఇప్పుడు బరువంటే నర్సింలు ఇంకేం అడుగుతాడో!

"వద్దొద్దు. పూలే. నా తోక మీద ఒట్టు."

"అయితే సన్న నూలు. అల్లికల సందులు, అదే కండ్లు, పెద్దగ పెట్టి వదులుగ అల్లుత. గాలి ఆడుతుంటే పూలు వాడిపోవు," అని నర్సింలు ముల్లు ముక్కున పెట్టుకున్నాడు. అత్త మీద వీడికి ఇంత ప్రేమా అని ఆశ్చర్యపోతూనే, మెత్త, బొంతలతో పాటు పొద్దుగూకేసరికి సంచి కూడా దించి ఇచ్చాడు. పిల్లగాలికి కూడా ఊగేంత తేలికగా, ముచ్చటగా ఉంది.

మర్నాడు పొద్దు పొడిచింది. పోశవ్వ పై మడుగుకు పోయింది. తొమ్మిది పిల్లలు ఈత నుంచి అప్పుడే వచ్చి, నీళ్ళు కారుతూ కొత్త బొంత మీద కూర్చోబోతున్నాయి. బక్కయ్య సంచి నోరు తెరిచి పట్టాడు.

"ఉయ్యాల ఊగుతరా బిడ్డా?"

ఉయ్యాల అంటే ఆగేవాళ్ళెవరు? నేను ముందంటే నేను ముందని తొమ్మిదీ దబదబా దూకేశాయి. చిన్నది తలకిందులుగా దూకింది. బక్కయ్య సంచి పట్టీ మెడలో వేసుకొని గుట్ట వైపు లంఘించాడు.

"ఊపు మామా, ఇంకా ఊపు!"

"ఊపుత, ఊపుత. గమ్మున ఉండున్రి."

గట్టు దాటి గుట్ట దారి ఎక్కేసరికి సంచి వీడి మోకాళ్ళకు తగిలింది. మెడలో వేసుకున్నప్పుడు రొమ్ము దగ్గరే కదా ఉంది అనుకున్నాడు. తొమ్మిది ఒళ్ళ తడినీ నూలు గటగటా తాగుతోందని వీడికేం తెలుసు? నాలుగడుగులు వేశాక సంచి నేలను రాసుకుంది. ఇంకో నాలుగడుగులకు కండ్లన్నీ సాగి ఒక్కొక్కటి ఒక్కో కిటికీ అయింది. ఆ కిటికీల్లోంచి పద్దెనిమిది పసుపు కాళ్ళు బయటికొచ్చి నేల మీద ఆనాయి.

"మామా, ఉయ్యాలకు కాళ్ళొచ్చినయ్!" అని అరిచింది చిన్నది.

సరిగ్గా అప్పుడే పై మడుగు నుంచి పోశవ్వ కేక వినబడింది. "అమ్మ!" అన్నాయి తొమ్మిదీ ఒక్కసారే. పద్దెనిమిది కాళ్ళూ వాగు వైపు తిరిగాయి. అది పల్లం. తడిసి బరువెక్కిన సంచి పల్లానికి జారుతోంది, లోపల పిల్లలు పరుగెత్తుతున్నాయి, పట్టీ బక్కయ్య మెడలో బిగిసింది. వీడు ముందు కాళ్ళు తన్నిపట్టి ఆపబోయాడు. సాగిన పట్టీ ఆ కాళ్ళకే చుట్టుకుంది. ఇక చూడాలి! ముందు సంచి, వెనక నక్క. తంగేడు పొదల్లోంచి, పల్లేరు ముళ్ళ మీది నుంచి దొర్లుకుంటూ వచ్చి వాగులో ధబీమని పడ్డారు. పిల్లలు కండ్లలోంచి జారి హాయిగా తేలాయి.

"మళ్ళొకసారి మామా! మళ్ళొకసారి!"

ఊలు మెత్త మెడ మీద వేసుకొని నీళ్ళు తాగుతున్న కొమురన్న తల ఎత్తాడు. బుడుంగు బుడుంగుమంటున్న నక్కను కొమ్ముకు తగిలించి ఒడ్డున వేసి, మళ్ళీ తల దించి తాగసాగాడు.

నోరు మూసుకొని ఇంటికి పోతే పోయేది. కానీ బక్కయ్యకు కోపం నషాళానికెక్కింది. మెడలో సంచి ఈడ్చుకుంటూ తిన్నగా తుమ్మచెట్టు కిందికొచ్చాడు.

"ఏందిది నర్సింలూ? ఒక్క పూట గూడ ఆగలే! ఇట్ల సాగితే ఎట్ల?"

ముల్లు పక్కన పెట్టి నర్సింలు కిందికి తొంగిచూశాడు. "అయ్యో, ఏం పోసినవ్ అందుల?"

వెనక నీళ్ళ చప్పుడైంది. పోశవ్వ పిల్లలను వెంటేసుకొని ఒడ్డెక్కుతోంది. కొమురన్న కూడా నాలుగడుగులు దగ్గరికి జరిగాడు. బక్కయ్య నీళ్ళు కారుతున్న సంచిని తోక వెనక్కి నెట్టబోయాడు.

"పూలే," అన్నాడు.

"ఎన్ని పోసినవ్?"

"తొమ్మిది."

కొమురన్న నమలడం మానేశాడు. పోశవ్వ పిల్లలను చూసింది, సంచిని చూసింది, నక్క మీసానికి అంటుకున్న పసుపు నూగును చూసింది.

అప్పుడు చిన్నది పడుతూ లేస్తూ ముందుకొచ్చి, "మామా, మరి నేను తంగేడు పువ్వునా, గునుగు పువ్వునా?" అని అడిగింది.

ఆ తర్వాత పోశవ్వ ముక్కు ఎంత గట్టిదో బక్కయ్య వీపుకే తెలియాలి. ముందు వీడు, వీడి వెనక సంచి, సంచి వెనక బాతు, గుట్ట దాకా ఒకటే పరుగు. దారిలో తుమ్మ మొద్దుకు తగులుకొని పట్టీ ఊడిపోతే, సంచిని అక్కడే వదిలి బొరియలో దూరాడు. ఎద్దు నవ్వడం మీరెప్పుడైనా విన్నారా? ఆ రోజు వాగు వాగంతా విన్నది.

నర్సింలు ఆ సంచిని తెచ్చి, నీళ్ళు పిండి, గడ్డి మీద పరిచాడు. ఆరి మళ్ళీ పొందికగా అయింది. బతుకమ్మ నాడు పోశవ్వా పిల్లలూ దాని నిండా తంగేడు పూలు కోసుకొచ్చారు. ఒక్క రెక్క నలగలేదు.

ఏం పనికో దాచి అడిగినవాడికి, ఎంత మంచి దారమిచ్చినా కాళ్ళకే చుట్టుకుంటుంది.