అరచేతి బరువు

ఆ బకెట్టు కంటపడితే చాలు, తన్మయికి ఒళ్లు మండుకొచ్చేది.

మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దిగినవాళ్ల నెత్తిన తోటివాళ్లు బకెట్టెడు నీళ్లు గుమ్మరించడం ఆ ఫ్లయింగ్ స్కూల్లో ఆచారం. బ్యాచ్‌లో అందరూ తడిశారు. తన్మయి ఒక్కతే పొడిగా మిగిలింది. నిన్న ఆమె కోసం నింపి ఉంచిన నీళ్లతో చివరికి క్యాంటీన్ వాళ్లు అంట్లు తోముకున్నారు.

ఈ రోజు కూడా నేర్పే కెప్టెన్ యేసురత్నం ఆమెను ఒంటరిగా పంపకపోతే ఇక పెట్టేబేడా సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. స్కూలు పెట్టిన గడువు అంతటితో సరి.

అందుకే విమానం దగ్గరికి నడుస్తూనే నిలదీసింది.

“నా తప్పేమిటో చెప్పండి సార్. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీద రెండేళ్లు నడిపాను. వానలో దింపాను, కొండల మధ్య దింపాను. నా తర్వాత చేరినవాళ్లను కూడా వదిలారు. నన్నెందుకు వదలరు?”

ఆయన రెక్క కింద వంగి, చిన్న గ్లాసులోకి పెట్రోలు వంపి, నీళ్లేమైనా కలిశాయేమోనని వెలుతురులో చూస్తున్నాడు.

“ఎక్కమ్మా,” అన్నాడు.

“మీరు జవాబు చెప్పలేదు.”

“ఎక్కు.”

ఎక్కింది. తలుపు మాత్రం కాస్త గట్టిగానే వేసింది.

ఆ చిన్న విమానంలో రెండు సీట్ల మధ్య ట్రిమ్ అని ఒక చక్రం ఉంటుంది. విమానం ముక్కును ఉండాల్సిన చోట చేతి కంట్రోలుతో నిలిపి, ఆ బరువు చేతిమీద పడకుండా చక్రం తిప్పి తేలిక చేసుకుంటారు. తన్మయి మాత్రం ముక్కును నడిపేదే చక్రంతో. ఇంట్లో ఆమె జాయ్‌స్టిక్‌కి స్ప్రింగు ఉండేది. వదిలితే మధ్యకొచ్చి నిలబడేది, బరువంటూ ఏమీ చెప్పేది కాదు. అక్కడ పట్టుబడిన అలవాటు ఇక్కడా పోలేదు. ముక్కు లేస్తే చక్రం, దిగితే చక్రం. పైకి లేచాక విమానం ఒక ఎత్తున నిలవకుండా ఉయ్యాలలా ఊగుతోంది.

“గాలి బాగాలేదు సార్,” అంది. పాపం, గాలికి నోరు లేదు.

ఆయన ఎడమ చెయ్యి చాపి చక్రాన్ని వెనక్కి తిప్పాడు. ముక్కు ఆకాశం వైపు లేచింది. ఆ చక్రాన్ని అలాగే అరచేత్తో కప్పేశాడు.

“సార్! ఏం చేస్తున్నారు?”

“ముక్కు ఎక్కడుండాలి?”

“ఆకాశం నేలా కలిసే గీత కింద.”

“అక్కడుంచు.”

“అయితే చక్రం వదలండి.”

“వదలను.”

తన్మయి ఎడమ చేతిలోని కంట్రోలును ముందుకు నెట్టింది. అది తిరిగి ఆమెనే నెట్టింది. మొండిదానికి మొండిదే దొరికింది. పళ్లు బిగించి, బలమంతా పెట్టి, ముక్కును గీత కిందికి తెచ్చి అదిమి పట్టింది.

“ఇది అన్యాయం సార్.”

“చెయ్యి నొప్పిగా ఉంటే చెప్పమ్మా. నేను తీసుకుంటాను.”

ఆ మాట ఆమెకు కారం రాసినట్టు తగిలింది.

“అక్కర్లేదు. నేనే పట్టుకుంటా.”

“ఎంతసేపు పట్టుకుంటావు?”

“మీ చెయ్యి నొప్పి పుట్టేదాకా.”

మెడ మీద చెమట కారుతోంది. కోపంలో ఆమె చూసుకోలేదు గానీ, ఎత్తు చూపించే ముల్లు కదలకుండా నిలబడి ఉంది. తన్మయి నడుపుతుండగా అది అలా నిలబడటం అదే మొదలు. ఆయన మాత్రం ఆ ముల్లు వంకే చూస్తున్నాడు.

కాసేపటికి ఆయన నవ్వి, చక్రం మీది చెయ్యి తీసేశాడు.

తన్మయి కుడి చెయ్యి అలవాటు కొద్దీ చక్రం మీదికి పోయింది. పోయి, ఆగింది. ఎడమ చేతిని అంగుళం కూడా కదలనివ్వకుండా, చక్రాన్ని కొంచెం ముందుకు తిప్పింది. అరచేతిలో బరువు కొంచెం తగ్గింది. ఇంకాస్త తిప్పింది. ఇంకాస్త తగ్గింది. తిప్పుతూ ఉండగానే, చేతిలో బరువన్నదే లేకుండా పోయింది.

వేళ్లు విప్పింది. ముక్కు కదల్లేదు.

కింద కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. కళ్లలో నీళ్లు ఆయనకు కనపడకుండా అటు తిరిగి వాటినే చూస్తూ కూర్చుంది.

“ఈ మాట ముందే చెప్పొచ్చుగా సార్,” అంది, ఇంకా ఉక్రోషంగానే.

“రోజూ చెప్పాను. చెవికి.”

దిగారు. షెడ్డు దగ్గర విమానం ఆపగానే ఆయన బెల్టు విప్పుకుని, ఇంజను ఆడుతుండగానే తలుపు తీశాడు. తన్మయికి సంగతి అర్థమైంది. ఇంతసేపూ తగువాడిన మనిషి గబుక్కున ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

“సార్! మీరు దిగిపోతే విమానం తేలికవుతుంది. పైకెళ్లాక ట్రిమ్ ఎంత తిప్పాలి?”

“నన్నడుగుతావేం? నీ చేతినడుగు.”

తలుపు వేసి, వెనక్కి తిరిగి చూడకుండా, కెప్టెన్ యేసురత్నం నేరుగా కుళాయి దగ్గరికి నడిచి బకెట్టు పెట్టాడు.