బొంతువారింటికి ఒక్క అభ్యంతరం కావాలి

చీమకూ చినుకుకూ పెళ్ళంట,
చెరువు నిండా పందిళ్ళంట,
కాదన్నవాళ్ళెవరే కోడలా, కాదన్నవాళ్ళు...

ఆ తర్వాత ముక్క గుర్తు రావడం లేదు. కాదన్నవాళ్ళు గట్టెక్కి అలిగి కూర్చున్నారో, గట్టు దిగి భోజనానికే వచ్చేశారో మరి. నా చిన్నప్పుడు వడ్లు దంచుతూ మా అమ్మ పాడేది. బొంతువారింటి పెళ్ళి తలుచుకున్నప్పుడల్లా ఈ పాట సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

బొంతువారంటే మా పక్కింటివాళ్ళు. పెద్దవాడు బంగారయ్య, వాడి తమ్ముడు చలమయ్య, చెల్లెలు పోలమ్మ, బంగారయ్య కొడుకు వరహాలు. నలుగురికీ తమ తెలివంటే మహా గర్వం.

"మా ఇంట్లో తెలివి తాతలనాటిది అక్కా" అనేవాడు బంగారయ్య, అరుగు మీద కాలు మీద కాలేసుకుని. "అందరిలా వాడి వాడి అరగ్గొట్టుకోలేదు. ఎలా వచ్చిందో అలాగే ఉంది."

"ముట్టుకుంటేగా!" అనేది పోలమ్మ.

వరహాలు జీడిపిక్కల షెడ్డులో పనిచేసేవాడు. అక్కడే కరుణ అనే పిల్లా వాడూ ఇష్టపడ్డారు. కరుణ వాళ్ళు చర్చికి వెళ్తారు, వీళ్ళు గుడికి వెళ్తారు. తెలివైన కుటుంబాలైతే ఈ పాటికి తలలు పగిలేవి. బొంతువారికి పోట్లాడాలని తోచనేలేదు. "పిల్ల నవ్వుతూ ఉంటుంది" అన్నాడు బంగారయ్య. అంతే, సంబంధం ఖాయం.

కరుణ తల్లీ సరేనంది. ఒక్క మేనమామ దావీదుకే కడుపుమంట. పిల్ల పుట్టిన రోజునే తన కొడుక్కి అనుకున్నాడట. నాలుగూళ్ళలో దావీదంత తెలివైనవాడు లేడని పేరు. ఎవరే కాగితం రాయించుకోవాలన్నా అతని దగ్గరికే వెళ్ళాలి.

"ఆ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తావే తల్లీ?" అని నేనొకసారి కరుణని అడిగాను.

"వాళ్ళకి అబద్ధమాడటం రాదత్తా" అంది. "మా మావయ్య ఇంట్లో అందరికీ వచ్చు."

రెండు మతాలవాళ్ళు కాబట్టి పెళ్ళికి నెల ముందే రిజిస్ట్రారాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. బొంతువారు నలుగురూ తలకి నూనె రాసుకుని, కరుణని వెంటబెట్టుకుని వెళ్ళారు. అక్కడి గుమాస్తా పేర్లూ వయసులూ రాసుకుని, "ఇంటి నంబరున్న ఆధారం ఏదైనా తెచ్చి చూపించండి" అన్నాడు.

కరుణ తన ఆధార్ కార్డు చూపించింది. వీళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మా ఇంటి నంబరు తలుపు మీద ఉంది సార్" అన్నాడు చలమయ్య.

"అయితే రేపు తెండి" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ వీధి తలుపు ఊడబీకి, నెత్తిన పెట్టుకుని బయల్దేరారు. బస్సులో కండక్టరు తలుపుకీ టిక్కెట్టు కొట్టాడు. "సీటు లేదు, నిలబడే రావాలి" అన్నాడట. "అది పుట్టినప్పట్నించీ నిలబడే ఉంది బాబూ, అలవాటే" అన్నాడు బంగారయ్య.

ఇక్కడ ఇల్లు తలుపు లేకుండా పడి ఉందా? పోలమ్మ ఊరుకుంటుందా! గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. సరిగ్గా అప్పుడే దావీదు పెళ్ళి మానిపించే మాటలేవో మాట్లాడదామని వచ్చాడు.

"మీ అన్న ఉన్నాడా?"

పోలమ్మ పలకలేదు.

"నిన్నేనమ్మా! లోపలికి రావాలి, జరుగు."

"తలుపుతో మాట్లాడతారేమిటి, చదువుకున్నవారు!" అంది పోలమ్మ. "తట్టాలి."

పక్క అరుగు మీదున్న నా వైపు చూశాడు దావీదు. తట్టమని సైగ చేశాను. మెల్లిగా ఆవిడ భుజం మీద తట్టాడు. పోలమ్మ లోపలికి తిరిగి, "ఎవరో వచ్చారర్రా!" అని కేకేసి, మళ్ళీ ఇటు తిరిగి, "ఇంట్లో ఎవరూ లేరు" అంది.

దావీదు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆఫీసులో గుమాస్తా లేచి తలుపు చుట్టూ ఓసారి తిరిగి చూశాడట. తర్వాత నంబరు రాసుకుని, నోటీసు బోర్డు మీద కాగితం అంటించి చెప్పాడట: "ఈ ముప్పై రోజులూ అభ్యంతరాలు తీసుకుంటాం. అవి చూశాకే పెళ్ళి. ముప్పై ఒకటో రోజున రండి." (ఇదంతా నాకు చలమయ్యే చెప్పాడు. వాడు కలిపి చెప్పే రకం కాదు, కలపడం రాదు.)

ఆ మాట పట్టుకుని బంగారయ్య ఊరంతా కంగారుగా తిరిగి, చివరికి నోటీసు నకలు నా చేతిలో పెట్టాడు. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, మనవరాలి పలక మీద. వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాను.

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చని ఉందయ్యా. లేకపోతే మంచిదే."

"నువ్వు కాగితం చదివావక్కా. గుమాస్తా నోటితో చెప్పాడు. అవి చూశాకే పెళ్ళి అన్నాడు. లేకపోతే ఏం చూస్తారు? ఏం చూడకుండా ఎలా చేస్తారు?"

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది. ఆలస్యంగా నేర్చిన చదువు కదా, నేనే తప్పు చదివానేమో అనుకున్నాను. కరుణ ఉంటే విడమరిచి చెప్పేది. కానీ దావీదు అప్పటికే ఆ పిల్లని రాజమండ్రిలో పెద్దమ్మ ఇంటికి పంపించేశాడు, ఫోను కూడా లాక్కుని.

అంతే, బొంతువారు అభ్యంతరాల వేటలో పడ్డారు.

మొదట పూజారిగారి దగ్గరికి వెళ్ళారు. "తమరు పెద్దలు, మా పెళ్ళికి ఓ అభ్యంతరం ఇప్పించాలి" అని అరటిపళ్ళ అత్తం ముందు పెట్టారు. ఆయన మనసులో ఉందో లేదో నాకు తెలీదు. అడక్కుండా ఉంటే చెప్పేవారేమో. చేతులు జోడించి అడిగేసరికి ఆయనకి నోరు రాలేదు. "ఛ ఛ, నాకెందుకయ్యా అభ్యంతరం, పిల్లలు చల్లగా ఉండాలి" అన్నారు. పాస్టరుగారి దగ్గరికి వెళితే ఆయన ప్రార్థన చేసి పంపేశారు.

"పెద్దవాళ్ళంతా ఇలా చెయ్యిస్తే ఎలా రా?" అని ఏడ్చింది పోలమ్మ.

అప్పుడు చలమయ్య తాతలనాటి తెలివిలోంచి ఓ చిటికెడు తీశాడు. ఆటోకి మైకు కట్టించాడు. "ప్రజలారా! వరహాలు, కరుణల పెళ్ళికి అభ్యంతరం గలవారు మొహమాటపడకుండా దయచేయండి! అభ్యంతరానికి రెండు లడ్డూలు!"

ఊరు ఊరంతా వచ్చింది. లడ్డూలు తిన్నారు. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు, అందరూ దీవించి మూతి తుడుచుకుని వెళ్ళారు. కరణంగారి ముసలావిడ మాత్రం, "పెళ్ళిలో వంకాయ కూర వేస్తే నాకు పడదురా" అంది. వీళ్ళు ఎగిరి గంతేసి, ఆవిడని అదే ఆటోలో ఆఫీసుకి తీసుకెళ్ళారు. "ఇది చెల్లదు" అన్నాడు గుమాస్తా. "పోనీ దొండకాయ కూడా పడదు, అదీ రాసుకో" అందట ముసలావిడ.

ఇరవై తొమ్మిది రోజులు గడిచిపోయాయి. వరహాలు అన్నం మానేశాడు.

ముప్పయ్యో రోజు పొద్దున అసలు ప్రమాదం ముంచుకొచ్చింది. దావీదు తీరుబడిగా కూర్చుని అభ్యంతరం రాసేశాడు. పెళ్ళికొడుక్కి మతి స్థిమితం లేదు, ఇంటిల్లిపాదికీ లేదు, తలుపు సాక్షి, కావలిస్తే గుమాస్తాని అడగండి, అని. అలాంటిది ఒక్కటి అందితే చాలు, పెళ్ళి ఆపేసి విచారణ మొదలుపెడతారట. మతిలేదని తేలిందా, ఇక ఆ పెళ్ళే లేదు. అదంతా అతనికి తెలుసు. చొక్కా వేసుకుని, కాగితం జేబులో పెట్టుకుని గడప దాటబోతున్నాడు. ఎదురుగా బంగారయ్య, చలమయ్య.

బంగారయ్య అమాంతం కాళ్ళ మీద పడ్డాడు. "దావీదు బావా! నువ్వే దిక్కు. ఒక్క అభ్యంతరం రాసి ఇవ్వు. ఇవాళ సాయంత్రంలోగా పడకపోతే పెళ్ళి ఆగిపోతుంది!"

దావీదు ఆగాడు. "ఏమన్నావ్?"

"అభ్యంతరం చూశాకే పెళ్ళి చేస్తారట బావా. ఊరంతా తిరిగాం. ఒక్కటీ దొరకలేదు."

"నిజమా?"

"నీతో అబద్ధం చెప్తానా? గుమాస్తా నోటితో చెప్పాడు."

తెలివైనవాడు ఆలోచించాడు. వీళ్ళు పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు. ఆడటం చేతకాదు. ఆ కన్నీళ్ళు నిజం కన్నీళ్ళు. అంటే ఏమిటి? ఆఫీసులో రూలు ఏదో మారి ఉంటుంది. తను అభ్యంతరం పెడితే పెళ్ళి అవుతుంది. పెట్టకపోతే ఆగుతుంది. అబ్బ, ఎంత ప్రమాదం తప్పింది!

జేబులోంచి కాగితం తీసి, వాళ్ళ కళ్ళ ముందే పరపరా చింపేశాడు. "నాకా? నాకేం అభ్యంతరం లేదు బావా! వెళ్ళి రండి!"

"మరొక్కసారి ఆలోచించు బావా!" అని ఏడిచాడు చలమయ్య.

"తలకిందులుగా తపస్సు చేసినా ఇవ్వను" అన్నాడు దావీదు.

ముప్పై ఒకటో రోజున కరుణ తల్లి వెళ్ళి కూతుర్ని తీసుకొచ్చింది. "పెళ్ళి ఎలాగూ ఆగిపోతుంది, తీసుకురా, చూద్దువుగాని" అని దావీదే పంపించాడు. తనూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని తమాషా చూడ్డానికి ఆఫీసుకొచ్చాడు.

ఆఫీసరు కాగితాలు తిరగేసి, "అభ్యంతరాలేమీ రాలేదు" అన్నాడు.

బంగారయ్య వెనక్కి తిరిగాడు. కొడుకు మొహం చూశాడు. ఆ పిల్ల మొహం చూశాడు. ఇక తండ్రిగా తను చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది. లేచి నిలబడ్డాడు.

"ఒకటుంది బాబూ. నాది రాసుకోండి."

"పెళ్ళికొడుకు తండ్రివి కదయ్యా! ఏమిటి నీ అభ్యంతరం?"

"ఇంత పెద్ద ఊళ్ళో ఒక్కరికీ అభ్యంతరం లేదు. అదే బాబూ నా అభ్యంతరం."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. "గడువు నిన్నటితో తీరిపోయింది. నీది చెల్లదు, కూర్చో. అమ్మాయీ, అబ్బాయీ, ఇలా వచ్చి ప్రమాణం చెప్పండి."

అప్పుడు అర్థమైంది దావీదుకి. "ఆగండి! నాకుంది అభ్యంతరం!" అని ఒక్క అరుపు అరిచాడు.

బంగారయ్య పరుగెత్తుకెళ్ళి అతన్ని కావలించుకున్నాడు. "ఇప్పుడెందుకు బావా మా కోసం ఇంత కష్టం! గడువైపోయిందంటున్నారు. అయినా నీ మంచి మనసు మర్చిపోను!"

అయ్యింది పెళ్ళి. దండలు మార్చుకున్నారు. కరుణా వరహాలూ లోపలి గదిలో మిషను మీద వేలిముద్రలు వేస్తూ ఉంటే, గుమాస్తా ఇద్దరి ఫొటో ఉన్న కాగితం ఒకటి తెచ్చి బంగారయ్య చేతిలో పెట్టి, ఏదో చెప్పాడు.

మధ్యాహ్నం మూడింటికి నేను ఎర్రనీళ్ళ పళ్ళెంతో వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. బ్యాండు మేళంతో వచ్చారు బొంతువారు. ముందు చలమయ్య, వెనక పోలమ్మ, మధ్యలో బంగారయ్య, నెత్తిన పీట, పీట మీద పట్టుగుడ్డ, దాని మీద ఆ కాగితం. పోలమ్మ కాగితానికి బొట్టు పెట్టింది. "దిష్టి తియ్యక్కా, ఎండలో పడి వచ్చారు" అంది.

"దేనికే దిష్టి? పెళ్ళికొడుకేడి? పిల్లేది?" అన్నాను.

బంగారయ్య పీట దించి, ఎంతో నింపాదిగా, లోకం తెలియనిదాన్ని చూసినట్టు నన్ను చూశాడు.

"నకలు ఇంటికి పట్టుకెళ్ళమన్నారక్కా. అసలువి ఆఫీసులోనే ఉంటాయట, ఎప్పుడు కావాలంటే అప్పుడెళ్ళి చూసుకోవచ్చట."