పైడమ్మ మూసుకున్న పెరటి వాకిలి

ఏదుపంది కలుగుకు రెండు వాకిళ్ళుంటాయి. ఒకటి వచ్చిపోవడానికి, రెండోది ప్రాణం మీదికొస్తే పారిపోవడానికి. ఆ జాతికి అది పుట్టుకతో వచ్చిన బుద్ధి. తెల్లగెడ్డ అనే వాగు ఒడ్డున ఉండే పైడమ్మ మాత్రం రెండో వాకిలిని తన కాళ్ళతోనే మట్టి తోసి మూసుకుంది. కొలువు దొరికింది మరి!

కొండ మీద సింహం దొర దుంపల కొట్టు పెట్టాడు. ఏ చెట్టు కింద ఏ దుంప ఊరుతోందో వాసన పట్టి చెప్పడం పైడమ్మ పని. కొండెక్కే బాధ లేదు, ఇంటి నుంచే ఉద్యోగం. కలుగు నుంచి కొట్టు దాకా ఒక సొరంగం తవ్వించారు. అందులో మాట్లాడితే దారిలో పురుగుకు కూడా వినపడదు. కొట్టువాళ్ళు దాన్ని గొప్పగా వీపీఎన్ అనేవారు. పైడమ్మకు నోరు తిరగక సొరంగమనే అనేది. ఆ కొసన కాపలా నక్క జోగులు.

"వదినా, ఆ పెరటి వాకిలి మూసెయ్యి," అన్నాడు జోగులు మొదటి రోజే. "దొరగారి మాట అటునుంచి గాలికి పోయిందంటే నీ కొలువు పోయినట్టే."

"మరి మా ఇంటి మాటలో, మరిదీ?"

"అవీ ఇటే చెప్పు. కొండ మీంచి మన పావురాలు అందిస్తాయి. దొర సొరంగం కన్నా భద్రం ఇంకేముంది?"

పైడమ్మకున్న ఇంటి మాట ఒక్కటే, మొగుడు సన్నాసి. వానాకాలంలో వెదురుకొమ్ముల కోసం గెడ్డ దాటాడు. వెనకే గెడ్డ పొంగింది. అతను ఆ ఒడ్డున, ఈమె ఈ ఒడ్డున.

గెడ్డ వైపున్న ఆ పెరటి వాకిలి తెరిచి ఉన్న రోజుల్లో సాయంత్రం అక్కడ కూర్చుని ఏం చెప్పినా లకుముకి పిట్ట మోసుకెళ్ళేది. జవాబుగా సన్నాసి ఆ ఒడ్డున ముళ్ళు గలగలలాడించేవాడు. ఆ చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చి పైడమ్మ చెవిన పడేది. ఇప్పుడా గలగల చెవిన పడదు. మాట కొండెక్కి, కొండ దిగి, చల్లారిన అంబలిలా వచ్చేది. "బాగున్నాడట." అంతే.

కలుగులో సన్నాసి పడుకునే చోట మట్టి నున్నగా గుంటపడి ఉంది. పైడమ్మ ఎంత చలేసినా అందులో పడుకునేది కాదు. ఆ గుంట చెరిగిపోతుందని భయం.

ఎండలు ముదిరాయి. గెడ్డలో బండల వీపులు తేలాయి. "వచ్చేస్తాను, ఏ రేవున దాటమంటావు?" అని సన్నాసి కబురు. పైడమ్మ పొంగిపోయి సొరంగంలో నోరు పెట్టి, "నీకోసం కందదుంప దాచాను. సగం కొరికి ఆపాను. మిగతా సగం నువ్వొచ్చాకే," అంది. రేవు మాట బాగా ఆలోచించి చెబుతానంది.

మర్నాడు జోగులు దుంపల లెక్క విని, వెళ్ళకుండా నవ్వాడు.

"అన్నకు సగం కొరికిన కంద దాచావట! ఈ మరిదికి ఏనాడైనా తొక్కయినా పెట్టావా వదినా? ఇంతకీ ఏ రేవున దిగుతాడు?"

పైడమ్మ ముళ్ళు నిక్కపొడుచుకున్నాయి. ఆ దుంప సంగతి ఈ ఒడ్డున ఎవరికీ చెప్పలేదు. మొగుడితో తప్ప.

"చెబుతాలే మరిదీ," అని, అడవి అంచున మేస్తున్న ముసలి ఎద్దు అప్పన్న దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నా మొగుడితో అన్న మాట నక్క నోట విన్నాను. ఏ రేవున దిగుతాడని కూడా అడిగాడు."

"ఎటునుంచి పంపావు?"

"సొరంగంలోంచే."

"మరి వాడు దొంగిలించిందేముంది? నువ్వే తీసుకెళ్ళి వాడి చెవిలో పోశావు."

"భద్రమన్నారు తాతా!"

"భద్రమే. ఎవరికి? దొర మాటకు భద్రం. నీ మాటకెలా అవుతుంది పిచ్చిదానా! రేవు అడిగాడంటే, వాడు సన్నాసిని గెడ్డ ఒడ్డున తిరిగే చిరుతకు పట్టించి, మిగిలింది నాకుదామని చూస్తున్నాడు. కంచే చేను మేస్తోంది."

పైడమ్మ కూలబడింది. "కొలువు మానెయ్యనా?"

అప్పన్న బుస్సుమన్నాడు. "మానేస్తే ఏం తింటావు, మన్నా? బతుకంతా నాగలి లాగినవాణ్ణి, విను. కాడి ఉన్నంతసేపు మెడ రైతుది. దించాక మెడ నాది. కాడి మోస్తూనే మేసి, కాడి మోస్తూనే నిద్రపోయి, నా బతుకు ఇంకొకడి చేతిలో ఉందని ఏడిస్తే తప్పు కాడిదా, నాదా? సొరంగం దొరకు ఉంచు. నీ వాకిలి నువ్వు తవ్వుకో. దుంపల మాట అటు, మొగుడి మాట ఇటు!"

పైడమ్మ గోళ్ళు అరిగేలా తవ్వింది. మట్టి రాలి గెడ్డ గాలి ముఖాన కొట్టింది. లకుముకిని పిలిచి, "నల్లబండల మీదుగా రమ్మను. కొండ మీంచి ఏ కబురొచ్చినా వినొద్దని చెప్పు," అంది. తర్వాత తాపీగా సొరంగం దగ్గరికి వెళ్ళి, "సన్నాసీ, తెల్లారేసరికి రెల్లురేవున దిగు," అంది.

తెల్లారేసరికి రెల్లురేవులో దిగింది చిరుత. అక్కడున్నది నీళ్ళు కాదు, అడుసు. పొట్ట దాకా కూరుకుపోయి, పెనుగులాడి బయటపడి, ఆ బురద ఒంటితోనే సింహం ముందు నిలబడింది.

"నీ నక్క చెప్పిన రేవు దొరా ఇది!"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని నవ్వబోయిన సింహం ఆగిపోయాడు. "సొరంగంలో మాట నీదాకా ఎలా వచ్చింది?"

జోగులు అప్పటికే పరుగు అందుకున్నాడు. వెనక చిరుత.

నల్లబండల వైపు నుంచి గలగల వినపడింది. ముళ్ళ జీవాలు కావలించుకోలేవు. ముక్కుకు ముక్కు ఆనించుకుని నిలబడ్డాయి.

"సాయంత్రాలు నీ మాట రావడం మానేసింది," అన్నాడు సన్నాసి. "అయినా ముళ్ళు ఆడిస్తూనే ఉన్నాను."

"రోజూనా?"

"రోజూ."

పైడమ్మ సగం కంద అతని ముందుకు తోసింది.

దొర దారిన దొర మాటే పోవాలి; ఇంటి మాటకు ఇంటి వాకిలి తెరిచి ఉండాలి.