సిద్ధాంతి గారి గొడుగు

"మనిషి మాట నమ్మకుండా, నడత చూసి నేర్చుకుంటే చాలదా గురువుగారూ?" అని మార్కండేయులు ఒకనాడు సోమయాజులు గారిని అడిగాడు. సోమయాజులు గారు వేదాంతం చెబుతారు గాని, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. తమ ఊళ్లో ఒక చైత్రమాసాన జరిగిన సంగతి ఎత్తుకున్నారు.

ఆ యేడు ఉగాదినాడు సిద్ధాంతి గారు పంచాంగం చదివి, ఈ నెలంతా చినుకు పడదన్నారు. రైతులు నిశ్చింతగా మిరపకాయలు కల్లాల్లో ఎండబోశారు. పేరమ్మ మాత్రం తన కాయలన్నీ పాకలోకి ఎత్తించింది. మొగుడు అంకమ్మరావు మండిపడ్డాడు.

"పండితుడికంటే నీకెక్కువ తెలుసా?"

"ఆయన పంచాంగం చదువుతున్నంతసేపూ నేను ఆయన చంకలో గొడుగు చూశానయ్యా" అంది పేరమ్మ.

మూడోనాడు వాన పట్టుకుంది. చైత్రంలో దుప్పట్లు కప్పుకోవలసినంత చలి. ఊళ్లో సగం కాయలు తడిసి రంగు చెడ్డాయి. పేరమ్మ చూసిన గొడుగు సంగతి తెలిశాక పంచాంగం మాట ఎవరూ ఎత్తలేదు. తెల్లారగానే వెళ్లి సిద్ధాంతి గారి గుమ్మం వంక చూసేవారు. ఆయన గొడుగుతో బయల్దేరితే కల్లాలమీద పట్టాలు కప్పేవారు, లేకపోతే విప్పేవారు. నాలుగు రోజులు ఒక్కసారీ తప్పలేదు.

అయిదోనాడు సిద్ధాంతి గారు కిటికీలోంచి చూస్తే వీధినిండా జనం. విషయం అర్థమై ఆయనకు తల కొట్టేసినట్టయింది. గొడుగు చిలక్కొయ్యకే వదిలేసి, ఉత్త చేతులూపుకుంటూ ఠీవిగా బయటికొచ్చారు. ఊరంతా కల్లాలకు పరుగెత్తి పట్టాలు లాగేసింది. మధ్యాహ్నానికి కుండపోత.

తడిసిన రైతులూ, తడిసిన సిద్ధాంతి గారూ పేరమ్మ పాకలోకే చేరారు. లోపల ఆమె కాయలు గలగలలాడుతున్నాయి.

"ఇవాళ కూడా బయట పొయ్యలేదేమే?" అన్నాడు అంకమ్మరావు.

"ఊరు ఊరంతా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరైనా గొడుగు పట్టుకొస్తారటయ్యా?"

సిద్ధాంతి గారు గట్టిగా తుమ్మి, "రారమ్మా" అన్నారు.

మార్కండేయులు పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"మరి నేను ఏడేళ్లుగా మీ నడతే చూస్తున్నాను కదా, గురువుగారూ!"

"తెలుసు నాయనా" అన్నారు సోమయాజులు గారు.